నోరులేని జీవుల వాటా

 

సూర్యాపేటలో ఒక దర్స్ ముగిశాక ఉపాధ్యాయుడైన ఒక సోదరుడు దగ్గరికొచ్చి కూర్చున్నారు. హరిత నిధి పేరుతో తన జీతంలో నెలకు 25 రూపాయలు పట్టుకున్నారనీ, అది తాను ఇష్టపడి ఇచ్చింది కాదనీ, అలాంటి డబ్బుకు అల్లాహ్ దగ్గర పుణ్యం ఉంటుందా అనీ అడిగారు. కాస్త ఆగి మరో మాట కూడా అన్నారు. చెట్లకూ పిట్టలకూ పెట్టే ఆ సొమ్ము ఒక పేదింటి బిడ్డ చదువుకు పోతే మేలు కాదా అన్నారు.

కోదాడలో ఖబరస్తాన్ కమిటీ సభ్యుడొకరు వేరే సందేహం తెచ్చారు. స్మశానంలో మొక్కలు నాటడానికి జకాత్ సొమ్ము వాడవచ్చా, వాడితే ఏ మొక్కలు నాటాలి అన్నది ఆయన ప్రశ్న. మిర్యాలగూడ దగ్గరి ఒక రైతు సోదరుడి బాధ మరొకటి. నెమళ్ళు, చిలుకలు, అడవి పందులు తన పంట తింటున్నాయి. వాటిని కాపాడడానికి సర్కారు డబ్బు పెడుతోంది గానీ, తన నష్టాన్ని ఎవరు చూస్తారు?

ఆలోచిస్తే ఈ మూడింటి వెనుకా ఉన్నది ఒకే ప్రశ్న. మనకు పాలివ్వని, మాంసమివ్వని, మన బరువు మోయని జీవి మీద మన సొమ్ము, అందులోనూ అందరి సొమ్ము, ఎందుకు ఖర్చు కావాలి? ఈ ప్రశ్నకు దివ్య ఖుర్‌ఆన్, హదీసుల వెలుగులో సమాధానం వెతుకుదాం.

మనకు పనికిరానిది వ్యర్థమా?

నహ్ల్ సూరా ఆరంభంలో అల్లాహ్ పశువులను ప్రస్తావించాడు. వాటివల్ల మనకు కలిగే వెచ్చదనాన్ని, ఆహారాన్ని, అందాన్ని, ప్రయాణ సౌకర్యాన్ని వరుసగా గుర్తుచేశాడు. గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను పేర్కొన్నాడు. ఆ వెంటనే, మీకు తెలియని వాటిని కూడా తాను సృష్టిస్తున్నానన్న భావంతో ఆ మాటను ముగించాడు (16:5-8). అంటే సృష్టి జాబితా మన ప్రయోజనాల జాబితాతో ముగిసిపోదు. మనకు పేరు కూడా తెలియని జీవులు ఆయన దృష్టిలో ఉన్నాయి. వాటి ఆహార బాధ్యత కూడా ఆయనదే (11:6).

భూమిపై నడిచే ప్రతి ప్రాణీ, రెక్కలతో ఎగిరే ప్రతి పక్షీ మనలాంటి సముదాయాలేనని అన్‌ఆమ్ సూరా చెబుతోంది (6:38). సృష్టిలోని ప్రతి వస్తువూ ఆయన్ని స్తుతిస్తోంది, ఆ స్తుతిని మనం గ్రహించలేమని బనీ ఇస్రాయీల్ సూరా తెలుపుతోంది (17:44). పూర్వం ఒక ప్రవక్తను చీమ కుట్టిందట. ఆయన ఆ చీమల పుట్టను తగలబెట్టించారు. ఒక్క చీమ కుట్టినందుకు తనను స్తుతించే ఒక సముదాయాన్నే దహించావా అని అల్లాహ్ ఆయన్ని మందలించాడని దైవప్రవక్త (స) తెలియజేశారు (బుఖారీ, ముస్లిం). ఆ చీమలవల్ల మనిషికి కలిగే లాభం ఏమిటన్న ప్రస్తావన ఆ హదీసులో ఎక్కడా లేదు. అవి అల్లాహ్‌ను స్తుతిస్తున్నాయి. వాటి విలువకు అంతమాత్రం చాలు.

వేటగాడి సొమ్ము, వేటకాని జీవి

లోకం మాత్రం చాలాకాలం వేరే లెక్క వేసింది. రాజులు అడవులను కాపాడారు, కానీ తమ వేట కోసం కాపాడారు. నిజాం కాలంలో మన ప్రాంతపు అడవులు ఎన్నో షికారు అడవులే. మెదక్ వైపున్న పోచారం అభయారణ్యం ఒకప్పటి నిజాం వేటస్థలమే. పులికీ దుప్పికీ అక్కడ కాపలా ఉండేది. కప్పనూ, తొండనూ, తంగేడు పొదనూ లెక్కించినవారెవరు?

ప్రజాస్వామ్య దేశాల్లోనూ ఇదే జరిగింది. అమెరికాలోని రాష్ట్రాల్లో వన్యప్రాణి శాఖలు ప్రధానంగా వేట లైసెన్సుల రుసుముతో నడిచేవి. వేటగాడు డబ్బు కట్టాడు గనుక ఆ డబ్బు వేట జంతువుల మీదే ఎక్కువగా ఖర్చయ్యేది. ఎవరూ వేటాడని పిచ్చుకకూ, తాబేలుకూ, గబ్బిలానికీ పైసా మిగిలేది కాదు. ఈ లోటు గమనించి 1977లో కొలరాడో రాష్ట్రం ఒక మార్గం కనిపెట్టింది. ఆదాయపు పన్ను పత్రంలోనే ఒక గడి పెట్టి, వేటకాని జీవుల కోసం ఇష్టమైనవారు కొంత సొమ్ము ఇవ్వవచ్చునంది. తరువాత ఎన్నో రాష్ట్రాలు ఆ దారి పట్టాయి.

మన దేశంలో పులికి 1973లోనే ప్రత్యేక పథకం వచ్చింది. మంచిదే. మన పక్కనున్న నాగార్జునసాగర్, శ్రీశైలం అడవులు కూడా ఆ పథకం వల్ల కొంత నిలిచాయి. కానీ జీవుల్లో అత్యధికం పులులు కావు. 2014లో తెలంగాణ తన రాష్ట్రపక్షిగా పాలపిట్టను, రాష్ట్రపుష్పంగా తంగేడును ఎంచుకుంది. ఈ రెండూ మన పొలంగట్ల మీద కనిపించేవే. వీటికి టికెట్టు కొని చూసేవారుండరు. అందుకే వీటి వాటా ప్రజాధనం నుంచే రావాలి.

మదీనా నేర్పిన పాఠం

ఇస్లాంకు పూర్వం అరేబియాలో బలవంతుడైన నాయకుడు మంచి పచ్చికబయలు చూసి తన మందకే ప్రత్యేకించుకునేవాడు. బీదవాడి మేకకు అందులో చోటుండేది కాదు. దైవప్రవక్త (స) ఆ దురాచారాన్ని రూపుమాపారు. రక్షిత భూమి అంటూ ఉంటే అది అల్లాహ్‌కూ ఆయన ప్రవక్తకూ చెందినదే అయి ఉండాలని ప్రకటించారు (బుఖారీ). దీనినే ‘హిమా’ అంటారు. ఎవరి సొంతానికీ కాక, ఉమ్మడి శ్రేయస్సు కోసం కాపాడిన భూమి అన్నమాట.

అంతేకాదు, మదీనా చుట్టూ కొంత మేర హరమ్‌గా ప్రకటించి, అక్కడి చెట్లు నరకరాదనీ, అక్కడి జంతువులను వేటాడరాదనీ ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). అక్కడి ముళ్ళపొద మనిషికి ఏ ఫలమూ ఇవ్వకపోవచ్చు. అయినా దానికి రక్షణ లభించింది.

హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో హునై అనే వ్యక్తిని హిమాపై అధికారిగా నియమించారు. అప్పుడు ఆయన చేసిన ఉపదేశం బుఖారీలో ఉంది. ముస్లిములపై చెయ్యెత్తవద్దని, పీడితుని శాపానికి భయపడమని హెచ్చరించారు. కొద్దిపాటి ఒంటెలు, మేకలు ఉన్నవారిని లోపలికి రానివ్వమన్నారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ వంటి సంపన్నుల మందలను మాత్రం దూరంగా ఉంచమన్నారు. మంద నశించినా వారికి తోటలూ పొలాలూ ఉన్నాయి. బీదవాడి మంద నశిస్తే అతను పిల్లలను వెంటబెట్టుకుని ఖలీఫా గుమ్మం ముందుకే వస్తాడు. ఆ హిమా ప్రజల పశువుల కోసం ఏర్పరచినదే. అయినా అందులోని సూత్రం అన్ని కాలాలకూ వర్తిస్తుంది. భూమిని కాపాడే భారం బీదవాడి నెత్తిన వేయకూడదు.

ఏ సొమ్ము నుంచి?

ఇక కోదాడ సోదరుని ప్రశ్నకు వద్దాం. జకాత్ ఎవరికి చెందాలో తౌబా సూరాలో అల్లాహ్ స్వయంగా ఎనిమిది పద్దులుగా నిర్ణయించాడు (9:60). అది మనుషుల హక్కు. బీదవాని హక్కును మొక్కకు మళ్ళించే అధికారం మనకు లేదు. కాబట్టి ఖబరస్తాన్‌లో మొక్కలకు జకాత్ వాడరాదు. అయితే దారి మూసుకుపోలేదు. సదఖా ఉంది, వఖ్ఫ్ ఉంది. వీటికి తోడు బైతుల్‌మాల్‌లో జకాత్ కాని రాబడులు ప్రజాహితానికి ఖర్చయ్యేవి. ఈనాడు మనం కట్టే పన్నులు, రుసుములతో నిండే ఖజానా చేయవలసిన పని కూడా ఇదే.

ఆ ఖజానా నుంచి మన పట్టణాలకు వచ్చే వాటా చిన్నదేమీ కాదు. 2019 నాటి తెలంగాణ మున్సిపల్ చట్టం పురపాలక సంఘం బడ్జెట్‌లో 10 శాతాన్ని పచ్చదనానికి కేటాయించాలంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, ఆ బాధ్యత వార్డు ప్రతినిధులదీ అధికారులదీ అని కూడా చెప్పింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ పురపాలక సంఘాలే. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఆ ఊరి చెట్టూ చేమా, పిట్టా పురుగూ అన్నిటినీ ఒక రిజిస్టరులో నమోదు చేయాలి. హరిత నిధిని 2021లో శాసనసభలో ప్రకటించారు, 2022లో అమలుకు తెచ్చారు. ఉద్యోగికి నెలకు 25 రూపాయలు, శాసనసభ్యునికి 500 రూపాయలు, ఆస్తి రిజిస్ట్రేషన్‌కు 50 రూపాయలు, ఇలా తలా కొంత జమచేయాలని నిర్ణయించారు.

ఇప్పుడు సూర్యాపేట సోదరుని సందేహం. కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయన్నది మనకందరికీ తెలిసిన హదీసే. జీతంలోంచి పోయిన 25 రూపాయలను సణుగుతూ వదిలేస్తే అది వట్టి కోత. ఈ సొమ్ముతో ఒక నోరులేని జీవికి నీడ దొరకాలని మనసులో సంకల్పించుకుంటే, అల్లాహ్ కారుణ్యం ముందు అది చిన్న విషయం కాదు. దాహంతో నాలుక చాచిన కుక్క కోసం బావిలోకి దిగి, తన మేజోడుతో నీళ్ళు తెచ్చిన మనిషిని అల్లాహ్ క్షమించాడు. ప్రాణమున్న ప్రతి జీవికీ చేసే మేలులో పుణ్యముందని దైవప్రవక్త (స) ఆ సందర్భంలోనే తెలిపారు (బుఖారీ, ముస్లిం).

పేదింటి బిడ్డ చదువు మాట కూడా నిజమే. ఆ బిడ్డ హక్కు జకాత్‌లో ఉంది, మన సదఖాలో ఉంది. కానీ ఒక్కసారి గుండెమీద చెయ్యి వేసుకుని ఆలోచించండి. మన ఇళ్ళ వలీమాల్లో విస్తళ్ళలో వదిలేసే బిర్యానీ విలువెంత? ఆ బిడ్డ చదువుకు అడ్డుపడుతున్నది పిట్ట తినే గింజ కాదు, మన దుబారా.

అమానతులో ఖియానతు

సోదరులారా! ఇవ్వడంతో మన బాధ్యత తీరిపోదు. ప్రజల సొమ్ము అమానతు. దైవప్రవక్త (స) ఎవరినైనా ఒక పనికి నియమిస్తే, అతను ఒక సూదిని దాచుకున్నా అది ద్రోహమేననీ, ప్రళయదినాన దానితోనే హాజరు కావలసి ఉంటుందనీ హెచ్చరించారు (ముస్లిం). సూది సంగతే ఇలా ఉంటే, నోరులేని జీవుల పేరిట వచ్చిన కోట్ల సంగతేమిటి? మనిషి సొమ్ము తింటే మనిషి నిలదీస్తాడు. పాలపిట్ట సొమ్ము తింటే పాలపిట్ట ఏ కార్యాలయానికి వెళ్తుంది? దాని ఫిర్యాదు నేరుగా పైకే వెళ్తుంది. ఒక పిచ్చుకను వ్యర్థంగా చంపితే అది ప్రళయదినాన అల్లాహ్ ముందు మొరపెట్టుకుంటుందని హదీసులో ఉంది (నసాయీ).

మిర్యాలగూడ దగ్గర దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4000 మెగావాట్ల విద్యుత్ కేంద్రానికి 2015లో శంకుస్థాపన జరిగింది. దాని కోసం వేల ఎకరాల అటవీభూమి ఇచ్చారు. కరెంటు మనందరికీ కావాలి. కానీ అడవి తీసుకున్నవారు బదులుగా మరోచోట అడవి పెంచడానికి డబ్బు కట్టాలని చట్టం ఉంది. దేశమంతటా అలా కూడిన నిధుల్లోంచి 2019లో కేంద్రం రాష్ట్రాలకు 47,000 కోట్ల పైచిలుకు బదిలీ చేసింది. తెలంగాణకు 3,110 కోట్లు వచ్చాయి. ఇది దానం కాదు. గూడు కోల్పోయిన జీవులకు మనం పడిన బాకీ. బాకీ సొమ్మును వేరే అవసరాలకు తిప్పుకోవడం ఏ ధర్మంలో సమ్మతం?

డబ్బు తినడం ఒక్కటే ఖియానతు కాదు. తెలిసి తెలిసి తప్పుగా ఖర్చు చేయడం కూడా ఖియానతే. 2015లో మొదలైన హరితహారం 230 కోట్ల మొక్కల లక్ష్యంతో సాగింది. ఊరూరా నర్సరీలు వచ్చాయి, మేలు జరిగింది. అయితే తొందరగా పెరుగుతుందనీ, పచ్చగా కనిపిస్తుందనీ చాలాచోట్ల కోనోకార్పస్ నాటారు. అది మన నేల చెట్టు కాదు. దాని పుప్పొడితో అలర్జీలు వస్తున్నాయనీ, వేళ్ళు పైపుల్లోకి చొరబడుతున్నాయనీ ఫిర్యాదులు రావడంతో, తర్వాత దాన్ని నాటవద్దని అధికారులే ఆదేశించారు. లెక్కకు మొక్క ఉంది, ఫోటోలో పచ్చదనం ఉంది. కానీ పసుపు సీతాకోకచిలుక గుడ్డు పెట్టేది తంగేడు, రేల ఆకుల మీద. గిజిగాడు గూడు వేలాడదీసేది తాటి, ఈత, తుమ్మ కొమ్మలకు. పాలపిట్ట పిల్లలను చేసేది ముసలిచెట్టు తొర్రలో. అల్లాహ్ ప్రతిదానినీ ఒక తూకంలో ఉంచాడు, ఆ తూకాన్ని చెడగొట్టవద్దన్నాడు (55:7-9). ఏ నేలలో ఏ చెట్టు ఉండాలన్నది కూడా ఆ తూకంలో భాగమే.

ఖబరస్తాన్‌ను చూడండి

ఇతరులను అడిగే ముందు మన చేతిలో ఉన్న భూమి సంగతి చూద్దాం. మన పట్టణాల్లో ప్లాట్లు కాకుండా మిగిలిన ఖాళీ నేల ఏదైనా ఉందంటే వాటిలో ఖబరస్తాన్ ఒకటి. చాలాచోట్ల అది సర్కారు తుమ్మతో నిండిపోయి ఉంటుంది. ఇది అమెరికా ఖండం నుంచి వచ్చిన ముళ్ళచెట్టు. మరొకటి మొలవనివ్వదు. షబె బరాత్ ముందు యంత్రం తెప్పించి మొత్తం చదును చేయించడం మనకు అలవాటైంది. ఆ యంత్రం కింద సర్కారు తుమ్మతోపాటు వేప, రేగు, సీతాఫలం, తంగేడు కూడా పోతాయి. మళ్ళీ వానకు మొదట లేచేది సర్కారు తుమ్మే.

స్మశానంలోని పచ్చి మొక్కలను, గడ్డిని అకారణంగా కోయడం మక్రూహ్ అని, ఎండినవి తీయవచ్చని హనఫీ ధర్మవేత్తలు రాశారు. పచ్చగా ఉన్నంతకాలం అవి అల్లాహ్‌ను స్తుతిస్తాయన్నది వారు చెప్పిన కారణం. ఇక రేగు చెట్టు గురించి హదీసులోనే హెచ్చరిక ఉంది. దాన్ని అన్యాయంగా నరికేవాణ్ణి అల్లాహ్ తలకిందులుగా నరకంలో పడవేస్తాడని అబూదావూద్‌లో ఉంది. ఎడారిలో బాటసారులకూ జంతువులకూ నీడనిచ్చే రేగును ఏ హక్కూ లేకుండా, వ్యర్థంగా నరకడమే దీని భావమని ఇమామ్ అబూదావూద్ వివరించారు. ఆ సిద్ర వృక్షం మన రేగు కుటుంబానిదే.

కాబట్టి కమిటీ సోదరులు ఇలా చేయవచ్చు. సర్కారు తుమ్మను వేళ్ళతో తీయించండి. దారికీ ఖబర్లకూ అడ్డంలేని చోట వేప, కానుగ, రేగు, నేరేడు, చింత, రేల నాటండి. మొక్కలను మున్సిపల్ నర్సరీ నుంచి అడిగి తీసుకోండి. అది మన పన్నుల సొమ్ముతో పెరిగిన మొక్కే. తీసుకున్నాక అది అమానతు. ఫోటో దిగి వదిలేస్తే, రెండు వేసవుల పాటు నీళ్ళు పోయకపోతే, ఎండిన ఆ మొక్కకు మనమే జవాబుదారులం.

రైతు కన్నీరు

మిర్యాలగూడ రైతు సోదరుని ప్రశ్న తేలికైనది కాదు. ఎడమ కాలువ నీళ్ళతో వరి పండించి, అప్పులు తీర్చుకోవలసిన మనిషి అతను. హానిని తొలగించుకునే హక్కు షరీఅత్ అతనికి ఇచ్చింది. తేలు, ఎలుక వంటి హానికర జీవులను చంపడానికి అనుమతి కూడా ఉంది. కానీ వడ్లలో గుళికల మందు కలిపి గట్టు మీద చల్లడం వేరు. ఆ విషం నెమలి దగ్గర ఆగదు. దాన్ని తిన్న కాకికీ, ఊరకుక్కకూ, నీటి ద్వారా చేపకూ చేరుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నెమలిని చంపడం నేరం. షరీఅత్ ప్రకారం హింసించి చంపడం పాపం.

మరి అతని నష్టం? ఇక్కడే హజ్రత్ ఉమర్ (రజి) ఉపదేశం గుర్తుచేసుకోవాలి. అందరి కోసం జీవులను కాపాడుతున్నప్పుడు ఆ భారం ఒక్క రైతు మీద పడడం న్యాయం కాదు. అడవి జంతువుల వల్ల జరిగిన పంట నష్టానికి పరిహారం ఇచ్చే ఏర్పాటు అటవీశాఖలో ఉంది. చదువుకున్న మన యువకులు రైతుతోపాటు వెళ్ళి దరఖాస్తు రాసిపెట్టాలి. నష్టం జరిగినప్పుడే ఫోటోలు తీసి, అధికారులకు తెలియజేయాలి. ఇదీ ఒక సదఖాయే. ముస్లిం ఎవరైనా చెట్టు నాటినా, పైరు వేసినా, దానిలోంచి మనిషి గానీ పక్షి గానీ పశువు గానీ తిన్నది అతనికి సదఖాగా రాయబడుతుందన్న శుభవార్త ఉంది (బుఖారీ, ముస్లిం). పరిహారంగా రాని గింజ కూడా అల్లాహ్ లెక్కలో ఉంటుంది. ఓ రైతు సోదరా, నీ కష్టం వృథా పోదు!

ఇంకో మాట. గుడ్లగూబ ఇంటిపై వాలితే అరిష్టమని రాళ్ళు రువ్వేవారు మన వాళ్ళలోనూ ఉన్నారు. గుడ్లగూబ అపశకునమన్న నమ్మకానికి ఇస్లాంలో తావు లేదని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు (బుఖారీ, ముస్లిం). రాత్రంతా వరిపొలంలో ఎలుకలు పట్టేది ఆ పక్షే. కూలి అడగని కాపలాదారుని మీద రాయి విసురుతున్నాం!

మనం చేయవలసింది

ప్రియ సోదర సోదరీమణులారా! నిధి పేరు మారవచ్చు, ప్రభుత్వం మారవచ్చు. బాధ్యత మారదు. మన మున్సిపాలిటీలో పచ్చదనానికి కేటాయించిన 10 శాతం ఎంత, ఏ వార్డులో ఏ మొక్కలు నాటారు, ఎన్ని బతికాయి అని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద మర్యాదగా అడగండి. జీవవైవిధ్య రిజిస్టరు ఉందా అని అడగండి. ఉంటే మన పెద్దలకు తెలిసిన చెట్ల పేర్లు, పిట్టల పేర్లు అందులో రాయించండి. ఇరుగుపొరుగు హిందూ సోదరులను కలుపుకుని వెళ్ళండి. పిట్టకు మతం లేదు, నీడకూ లేదు. తల్లులు పిల్లల చేత ఎండాకాలం గోడమీద ఒక మట్టిపాత్రలో నీళ్ళు పెట్టించండి. బాల్యంలో పెట్టిన ఆ గిన్నెడు నీళ్ళు పెద్దయ్యాక ప్రజల సొమ్ము పట్టుకునే చేతిని నిజాయితీగా ఉంచుతాయి.

రేపు అల్లాహ్ న్యాయస్థానంలో మనుషుల మధ్యనే కాదు, నోరులేని జీవాల మధ్య కూడా తీర్పు జరుగుతుంది. కొమ్ములు లేని మేకకు కొమ్ముల మేక నుంచి కూడా న్యాయం ఇప్పించబడుతుందని హదీసులో ఉంది (ముస్లిం). ఈనాడు నోరులేనివి ఆనాడు మాట్లాడితే, మన గురించి ఏం చెబుతాయి?

ఓ అల్లాహ్! నీవు మాకు అప్పగించిన ఈ నేలనూ, దానిపై ఉన్న ప్రాణులనూ అమానతుగా చూసుకునే భాగ్యం మాకు ప్రసాదించు. ప్రజల సొమ్ము విషయంలో మా చేతులను పవిత్రంగా ఉంచు. మేము నాటిన ప్రతి మొక్కనూ మా తర్వాత కూడా పుణ్యం తెచ్చే సదఖయె జారియాగా స్వీకరించు. ఆమీన్!